తోమిన కత్తి

మా యింట ఏడు కత్తులున్నాయి. వంటింటి కత్తులు కావు. యుద్ధానికి వెళ్ళివచ్చినవి కొన్ని, యుద్ధం కోసం తయారై ఎక్కడికీ వెళ్ళకుండానే ముసలివైపోయినవి కొన్ని. ఈ మాట పైకంటే ఎదుటివారు తెలియకుండానే ఒక అడుగు వెనక్కు వేస్తారు. తపాలాబిళ్ళలు కూడబెట్టేవారున్నారు, పాత నాణేలవారున్నారు, పాత పత్రికల కోసం ఊళ్ళు పట్టుకు తిరిగేవారు మన మిత్రుల్లోనే నలుగురైదుగురున్నారు. వాళ్ళను చూసి లోకం ముచ్చటపడుతుంది. కత్తులు దాచేవాణ్ణి చూసి మాత్రం పోలీసు ఠాణా ఎంత దూరమో లెక్కవేస్తుంది. అందులోనూ మాది గోదావరి పశ్చిమం (2022 ఏప్రిల్ నుంచి మా దెందులూరు ఏలూరు జిల్లాలోకి వచ్చిందనుకోండి). ఈ ప్రాంతంలో కత్తి అనగానే సంక్రాంతి బరిలో కోడికాలికి కట్టే కత్తే ఎవరికైనా మనసులో మెదులుతుంది. నేనా, ముప్పయ్యేళ్ళు పిల్లలకు రసాయనశాస్త్రం చెప్పుకుని బ్రతికినవాణ్ణి. కోడిని కోయడం మాట అటుంచి, కోస్తుంటే చూడడం కూడా చేతకానివాణ్ణి.

ఈ వ్యసనం ఎలా అంటుకున్నదో చెప్పాలంటే అన్నిటికన్న పెద్ద కత్తితో మొదలుపెట్టాలి. అది మా తాతయ్యది. అమ్మ తండ్రి. ఊరు మాధవరం.

తాడేపల్లిగూడెం దగ్గరి మాధవరాన్ని ఎరిగినవారికి వేరే చెప్పనక్కరలేదు. మిలిటరీ మాధవరం అంటేనే ఆ ఊరిని గుర్తుపడతారు. మొదటి ప్రపంచయుద్ధానికి ఆ ఒక్క ఊరినుంచి తొంభైమంది వెళ్ళారనీ, రెండవ యుద్ధానికి వెయ్యి దాటారనీ ఊరివారు చెప్పుకుంటారు. ఇంటికొక సైనికుడనే మాట అక్కడ అతిశయోక్తి కాదు. కొన్ని ఇళ్ళల్లో తాత, తండ్రి, మనవడు వరుసగా వెళ్ళారు. నా చిన్నతనంలో సెలవులకు దెందులూరులో పాసింజరు ఎక్కితే భీమడోలు, పూళ్ళ, కైకరం దాటుకుంటూ గూడెం చేరేవాళ్ళం. మాధవరంలో అరుగులమీద కూర్చున్న ముసలివాళ్ళందరూ నిటారుగా కూర్చునేవారు. ఆ సంగతి చాలా ఏళ్ళ తరువాతగాని నాకు తట్టలేదు. మా దెందులూరు ముసలివాళ్ళు గోడకు చేరగిలబడేవారు.

తాతయ్య 1942లో పట్టాలెక్కాడు. బెంగుళూరులో మద్రాసు సాపర్ల కేంద్రంలో శిక్షణ, అక్కణ్ణుంచి అస్సాము, బర్మా. సాపర్లంటే తుపాకీకన్న ముందు పార, గునపం పట్టేవాళ్ళు. రోడ్లు వేయడం, వంతెనలు కట్టడం, శత్రువు పాతిన మందుపాతరలు తీయడం వాళ్ళ పని. యుద్ధం గురించి ఆయన ఎక్కువ చెప్పేవాడు కాదు. చెప్పినదాంట్లో బురదే ఎక్కువ. వానలు, జలగలు, నానిన బూట్లు, చలిజ్వరం. గర్వంగా చెప్పుకున్నది ఒక్క వంతెన గురించే. 1944 డిసెంబరులో కలేవా దగ్గర చింద్విన్ నదిమీద బెయిలీ వంతెన వేశారు. పొడవు 1154 అడుగులు. అప్పటికి ప్రపంచంలో అంత పొడవైన బెయిలీ వంతెన లేదు. ఆయన అందులో ఎన్ని మేకులు బిగించాడో, అసలు ఆ గట్టునే ఉన్నాడో లేడో నాకు తెలియదు గాని, "మా వంతెన" అనేవాడు.

ఆయన వెంట వచ్చినవి మూడే వస్తువులు. ఒక ట్రంకుపెట్టె, ఒక పచ్చటి ఉన్ని దుప్పటి, ఒక కుక్రీ.

కుక్రీని నేపాలీలు ఖుకురీ అంటారు. ముందుకు వంగి, కడుపు బరువెక్కి, మొన వైపు సన్నబడే ఆ ఆకారం మీకు తెలుసు. తాతయ్య కత్తి అలుగు పన్నెండు అంగుళాలకు కాస్త ఎక్కువ. పిడికి రెండు చెక్కలు, నడుమ ఉక్కు నాలుక, అడ్డంగా మేకుల బిగింపు, పిడి అడుగున ఒక ఉక్కు రేకు. అలుగు మొదట్లో 1943 అని, దాని పక్కన బాణం గుర్తు. ఆ బాణం బ్రిటిషు ప్రభుత్వపు సొత్తు అనడానికి చిహ్నం. ఇవన్నీ ఇప్పుడు చెప్పగలుగుతున్నానే గాని ఆనాడు నాకది నల్లటి వంకర కత్తి, అంతే.

నల్లటి, అన్నాను. ఆ నలుపు గురించే ఈ కథంతా.

తాతయ్య దాన్ని ట్రంకుపెట్టెలో దాచలేదు. ఒరలోనూ పెట్టలేదు. ఒరను వేరే చిలక్కొయ్యకు తగిలించి, కత్తిని మాత్రం వంటింట్లో పొయ్యికి ఎగువన, విత్తనాల మూటలూ చింతపండు కుండా ఉండే అటక వాసానికి, ఒంటరిగా వ్రేలాడదీసేవాడు. పుల్లల పొయ్యి పొగ రోజూ రెండు పూటలా తగిలేది. ఏడాదికొకసారి, మహర్నవమి నాడు, కిందికి దింపి నూనెగుడ్డతో ఒక్కసారి తుడిచి, నాగలి కర్రు, కొడవళ్ళు, గొడ్డళ్ళతో బాటు పీటమీద పెట్టేవారు. పసుపు, కుంకుమ, ఒక నిమ్మకాయ. ఆ వరుసలో అదొక్కటే పొలం పని ఎరగనిది.

1978 దసరాకు నాకు పదమూడేళ్ళు. ఆ సంవత్సరం కత్తిని దింపే పని నాకప్పగించారు. దింపి చూస్తే మసి, జిడ్డు, అక్కడక్కడ ముదురు గోధుమ రంగు మచ్చలు. సినిమాలో కత్తులు తళతళలాడడం చూసిన కన్నది. మన తాతయ్య యుద్ధంలో పట్టిన కత్తి ఇలా ఉండడమేమిటనిపించింది. అమ్మమ్మ ఇత్తడి బిందెలు తోమే చింతపండు తెచ్చుకున్నాను. ఇటుకపొడి తెచ్చుకున్నాను. అదీ చాలక, ఆ రోజుల్లో ఇంట్లో తలుపులు బాగుచేస్తున్న వడ్రంగి వదిలివెళ్ళిన ఉప్పు కాగితం తెచ్చుకున్నాను. నూతి పళ్ళెంలో కూర్చుని మధ్యాహ్నమంతా తోమాను. అలుగు తోమాను, వీపు తోమాను, పిడి అడుగునున్న ఉక్కు రేకు తోమాను. ఆ రేకు మీద ఎవరో మేకుతో గీకినట్టు నాలుగైదు అంకెలుండేవి. వంకరటింకరగా ఉన్నాయి. అందం చెడగొడుతున్నాయి. వాటికోసం మాత్రం ఇంకొంచెం ఎక్కువసేపు కష్టపడ్డాను.

సాయంత్రం తాతయ్య చేనునుంచి వచ్చేసరికి కత్తి అద్దంలా ఉంది. ఆయన చేతికిచ్చాను. మెచ్చుకుంటాడనుకున్నాను. అటు త్రిప్పి ఇటు త్రిప్పి చూశాడు. తరువాత పిడిని తలక్రిందులు చేసి, ఆ రేకు మీద బొటనవేలు అటూ ఇటూ రాశాడు.

"ఇక్కడ అంకెలుండాలి."

"గీతలున్నాయి తాతయ్యా. పోగొట్టేశాను."

ఆయన కోప్పడలేదు. కోప్పడితే ఈ పాటికి మరచిపోయి ఉందును. కొంచెంసేపు నిలబడి, "అది నా నెంబరు కాదురా" అన్నాడు. అని కత్తిని తీసుకెళ్ళి పీటమీద పెట్టాడు. మర్నాడు పూజ మామూలుగానే జరిగింది.

ఎవరి నెంబరని నేనడగలేదు. ఆ వయసులో తప్పు చేశానని తెలిసినవాడు ఆ విషయం ఎత్తడు. పెద్దయ్యాక అడగవచ్చులే అనుకున్నాను. 1987లో ఆయన పోయాడు. అమ్మమ్మను అడిగితే, ఎవరో గూర్ఖా స్నేహితుడని, ఇద్దరూ ఒకే గుడారంలో జ్వరపడి ఉన్నప్పటి స్నేహమని, అంతకుమించి తనకూ చెప్పలేదని అన్నది. ట్రంకుపెట్టెలో కాగితాలేమైనా ఉంటాయేమోనని తెరిస్తే చెదలు మాకన్న ముందే చదివేశాయి.

కత్తి నా వాటాకు వచ్చింది. మావయ్యలకు పొలం, నాకు కత్తి. నేనే అడిగి తీసుకున్నాను.

అప్పటికి నాకు ఇనుము గురించి కాస్త చదువొచ్చింది. చదువొచ్చాక తెలిసినదేమంటే, తాతయ్య చేసినదంతా సరైన పని, నేను చేసినదంతా తప్పు పని. ఇనుముకు రెండు రకాల తుప్పులు. ఎర్రటిది పొరలు పొరలుగా లేచి, గాలిలోని తడిని స్పంజిలా పీల్చి, లోపలి ఇనుమును కూడా తినేస్తుంది. నల్లటిది చిక్కగా, గట్టిగా అతుక్కుని, చర్మంలాగా క్రింది ఇనుమును కాపాడుతుంది. పొయ్యిమీది వేడికి తడి చేరదు. పొగలోని జిడ్డు పైన పూత అవుతుంది. ముప్పయ్యేళ్ళపాటు ఆ కత్తికి అలా నల్లటి చర్మం పట్టింది. నేను ఒక్క మధ్యాహ్నంలో దాన్ని ఒలిచేశాను. పైగా చింతపండులోని ఆమ్లం ఉక్కు రంధ్రాల్లోకి దిగింది. ఆ తరువాతి వర్షాకాలానికే కత్తి ఒళ్ళంతా ఎర్రటి పొక్కులు లేచాయి. ఆ గుంటలు ఇవాళ్టికీ ఉన్నాయి.

ఒర సంగతి ఇంకొకటి. కత్తికి ఒర ఇల్లు అనుకుంటాం గాని, దాచేటప్పుడు అదే శత్రువు. తోలును పదును చేసేటప్పుడు వాడిన ఆమ్లాలు, లవణాలు తోలులోనే మిగిలిపోతాయి. తోలు తడిని పీల్చి లోపలి ఉక్కుకు అంటిస్తుంది. ఇత్తడి బద్దీ ఉంటే తోలులోని క్రొవ్వుతో కలిసి పచ్చటి చిలుము పడుతుంది. అందుకే ఒరను, కత్తిని పక్కపక్కనే, విడివిడిగా ఉంచాలి. రసాయనం చదవని తాతయ్య ఒరను చిలక్కొయ్యకు, కత్తిని వాసానికి ఎందుకు తగిలించాడో! బర్మా వానల్లో ఎవరో నేర్పి ఉంటారు.

ఇక ఏడు కత్తులు ఎలా అయ్యాయంటారా, ఒక కత్తిని పాడుచేసినవాడికి తక్కినవాటినైనా కాపాడాలని ఉంటుంది కదా. 1996లో ఏలూరులో ఒక పాతినుము కొట్టు ముందు ఇనుప కుప్పలో ఒక బాయొనెట్ కనబడింది. కిలోల లెక్కన కొన్నాను. ఇంటికి తెచ్చి నూనెలో నానబెట్టి మెత్తటి గుడ్డతో తుడిస్తే (ఉప్పు కాగితం జోలికి మళ్ళీ పోలేదు) మూడు ఆంగ్లాక్షరాలు బయటపడ్డాయి: ఆర్, ఎఫ్, ఐ. రైఫిల్ ఫ్యాక్టరీ, ఇషాపూర్. బెంగాలులోని ఆ కర్మాగారం లీ ఎన్‌ఫీల్డ్ తుపాకులతో బాటు వాటి బాయొనెట్లూ చేసేది. 1907 నమూనా బాయొనెట్ అలుగు 17 అంగుళాలు. గుర్రపు రౌతులను ఎదుర్కోవడానికి అంత పొడవు. బర్మా అడవిలో వెదురు పొదల నడుమ అది అడ్డమే. కనుక రెండవ యుద్ధకాలంలో భారతదేశంలో దాన్ని 12 అంగుళాలకు కుదించారు. పాతవాటిని కోసి పొట్టి చేశారు, కొత్తవాటిని పొట్టిగానే పోశారు. నా దానికి అలుగు పొడవునా ఉండాల్సిన గాడి కూడా లేదు. బల్లపరుపు ఉక్కు ముక్క. గాడి తీయడానికి సమయం లేదన్నమాట. (ఆ గాడి నెత్తురు కారడానికని మనవాళ్ళు చెప్పుకుంటారు. కాదు. బలం తగ్గకుండా బరువు తగ్గించడానికి. ఇంటి దూలాల విషయంలో ఇంజనీర్లు చేసేదే.) తొందర ఎంతటిదో ఆ ఉక్కు ముక్కను చూస్తే తెలుస్తుంది. అలంకారం లేదు, మెరుగు లేదు. చేసినవాడికీ పట్టినవాడికీ ఒకరికొకరు తెలియదు.

తరువాత ఇంకో బాయొనెట్, చింపిరి ఒరతో ఒక చిన్న కుక్రీ, పక్కన ఇనుప దబ్బనం లాంటిది ఉన్న ఒక సైన్యపు మడతకత్తి... అలా. వాటి గురించి విస్తరించను. వాటి వెనుక మనుషులు నాకు తెలియదు.

చట్టం సంగతి అడుగుతారని తెలుసు. నేనూ అడిగి తెలుసుకున్నాను. 1959 ఆయుధాల చట్టం క్రింద చేసిన నిబంధనల్లో అలుగు 9 అంగుళాలకన్న పొడవుగాని, 2 అంగుళాలకన్న వెడల్పుగాని ఉన్న కత్తులు, బాయొనెట్లు, కుక్రీలు ఆయుధాల లెక్కలోకి వస్తాయి. ఇంటిపనికి, వ్యవసాయానికి చేసినవి ఆ లెక్కలోకి రావు. అంటే కొబ్బరికాయలు కొట్టే మచ్చుకత్తి ఎంత పొడవున్నా మచ్చుకత్తే! ఇలాంటి ఆయుధాలను ఇంట్లో ఉంచుకోవడానికి అన్నిచోట్లా లైసెన్సు అవసరం లేదు; కేంద్రప్రభుత్వం గెజెట్‌లో ప్రకటించిన ప్రాంతాల్లోనే అవసరం. తయారీకి, అమ్మకానికి నిబంధనలు వేరే. వీధిలో పట్టుకు తిరిగితే జరిగేది మరీ వేరే. ఎందుకైనా మంచిదని కత్తుల కొలతలు, ఫోటోలు పట్టుకుని ఠాణాకు వెళ్ళి ఒక కాగితం ఇచ్చివచ్చాను. అక్కడి రైటరుగారు నా వంక, ఫోటోల వంక చూసి, "మాస్టారూ, ఇవి తెగుతాయా అసలు?" అన్నారు. తెగవన్నాను. నా కత్తుల్లో దేనికీ వాదర పెట్టించలేదు. పాతకత్తికి సాన పట్టించడమంటే పాతపుస్తకం అంచులు కత్తిరించినట్టే.

2004లోనో 2005లోనో, ఏలూరులో మా చెల్లెలుండే వీధికి రాత్రి కాపలా కాసే గూర్ఖా ఒకాయన ఉండేవాడు. మన పట్టణాల్లో ఏ వీధి చూసినా అప్పట్లో ఈల, కర్ర, నెలాఖరున ఇంటింటికీ వచ్చే ఒక గూర్ఖా. మనం వారి పేరు అడగం. గూర్ఖా అనే పిలుస్తాం. ఒక ఆదివారం తాతయ్య కుక్రీని సంచిలో చుట్టి తీసుకెళ్ళి ఆయనకు చూపించాను. కత్తి చేతికివ్వగానే ఆయన కూర్చున్నవాడల్లా లేచి నిలబడ్డాడు. ఒరలోనుంచి తీసేటప్పుడు ఒర నోటిని పిడికిట పట్టుకోకూడదని ముందుగా నాకు పాఠం చెప్పాడు. పాత ఒర అంచు చీలి ఉంటే వాదర నేరుగా వ్రేళ్ళమీదికి వస్తుందట. అలుగు మొదట్లో ఉండే చిన్న గంటు, ఒర వెనుక ఉండాల్సిన రెండు చిన్న పనిముట్లు, ఒకటి కర్దా అనే చాకు, ఒకటి చక్మక్ అనే మొద్దు ఉక్కు, ఇవన్నీ చూపించాడు. మావి ఎప్పుడో పోయాయి. ఒరదీస్తే నెత్తురు చూడకుండా తిరిగి పెట్టకూడదంటారే, నిజమా అని అడిగాను. ఆయన నవ్వాడు. "ఉల్లిపాయ ఎలా కోస్తారు సార్ మరి?" వాళ్ళ ఊళ్ళో కమ్మరి కుక్రీని కాల్చి, టీ కెటిల్ లాంటి దానితో వాదర మీద మాత్రమే నీళ్ళు ధారగా పోస్తాడని, అందుకే అంచు గట్టిగా, వీపు మెత్తగా ఉంటుందని చెప్పాడు. నేను తరగతిలో బల్లమీద బొమ్మలు గీసి చెప్పిన పాఠం అదే.

ఆఖర్న కత్తిని తలక్రిందులు చేసి ఆ రేకు చూశాడు. తాతయ్యలాగానే బొటనవేలు రాశాడు.

"ఇక్కడ రాసి ఉండేది కదా సార్?"

ఎలా తెలిసిందన్నాను. మిగతా రేకుకన్న అక్కడ పల్లంగా ఉన్నదన్నాడు. వాళ్ళ నాన్న కూడా ఫౌజీయేనట. ఆయన కత్తికి అక్కడే నెంబరు ఉండేదట. ఎవరు చెరిపారని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు. ఆయన పేరు అడిగి తెలుసుకున్నాను ఆ రోజు. ఇక్కడ వ్రాయను.

మా మేనల్లుడు ఒకడు అమెరికాలో డాలస్‌లో ఉంటాడు. కత్తుల జబ్బు నానుంచి వాడికి అంటుకుంది. అక్కడ జబ్బుకు తగిన సంతలూ ఉన్నాయి. వాడి దగ్గర కేబార్ ఉంది. అమెరికా నావికాదళపు మెరీన్లు 1942 నవంబరులో తీసుకున్న కత్తి. 7 అంగుళాల అలుగు, పిడికి తోలుబిళ్ళలు దొంతరగా గ్రుచ్చి ఉంటాయి. ఫెయిర్‌బెయిర్న్, సైక్స్ అనే ఇద్దరు షాంఘై పోలీసు అధికారులు రూపొందించగా 1940 చివర్లో విల్కిన్సన్ కంపెనీ చేపట్టిన కమాండో బాకు కూడా ఉందంటాడు. అసలుదో కాదో వాడికే అనుమానం. అదీగాక 2003 ప్రాంతంలో ఖాట్మండులోని లగన్ సిలేఖానా అనే పాత ఆయుధాగారాన్ని రెండు అమెరికన్ కంపెనీలు కొనుగోలు చేసి, శతాబ్దం పైబడిన తుపాకులు, కుక్రీలు ఓడలకెత్తి తీసుకుపోయాయి. అందులోది ఒకటి వాడు కొన్నాడు. నేపాలు కొండమీద చేసిన కత్తిని దెందులూరు మూలాలున్న కుర్రాడు టెక్సాసులో కార్డు గీకి కొనుక్కోవడం! వాడు ఫోనులో చూపించినప్పుడు దాని మీద ఇంకా ఆయుధాగారపు జిడ్డు అలాగే ఉంది. కడగకు, అన్నాను. అరిచాననే చెప్పాలి.

వాడు చెప్పగా తెలిసిన ఇంకో సంగతి. అక్కడ దొంగసరుకు ఎక్కువ. కొత్త కుక్రీ మీద 1943 అని అచ్చుగుద్ది, ఉప్పునీళ్ళు, వెనిగర్ పోసి వారంరోజులు మురగబెట్టి, తుప్పు పట్టించి, పాతదని అమ్ముతారట. ఎవరో సైనికుడి నెంబరు కూడా గీకుతారట, నెంబరుంటే ధర ఎక్కువ పలుకుతుందని. ఇది విన్న రాత్రి నాకు నిద్రపట్టలేదు. అక్కడ లేని తుప్పును, లేని నెంబరును కష్టపడి తయారుచేస్తున్నారు. ఇక్కడ నేను ఉన్నవాటిని చింతపండు పెట్టి తోమాను.

ఆ నెంబరుంటే ఏం చేసేవాణ్ణో కూడా తెలుసు. యుద్ధంలో పోయినవారి వివరాలు కామన్వెల్త్ యుద్ధసమాధుల సంఘం వారు ఎవరైనా వెతుక్కునేలా ఉంచారు. పేరుతో వెతకవచ్చు, సైనిక నెంబరుతోనూ వెతకవచ్చు. రంగూను దగ్గర టౌక్యాన్‌లో, సమాధి కూడా దొరకనివారి పేర్లు దాదాపు 27,000 రాతి స్తంభాలమీద చెక్కి ఉన్నాయి. అందులో గూర్ఖా పటాలాలవారి పేర్లు వరుసలు వరుసలు. ఒకే నెంబరు వేర్వేరు పటాలాల్లో ఉంటుంది. ఐనా నాలుగు పేర్లో ఐదు పేర్లో దొరికేవి. వాటిలో ఒకటి ఆయనది. ఒక్కోరోజు ఊరికే ఆ పేర్లు చూస్తూ కూర్చుంటాను. థాపా, గురుంగ్, రాయ్, లింబు, మళ్ళీ థాపా. తరువాత ఒక సందేహం వస్తుంది. ఆయన పోయాడని నాతో ఎవరన్నారు? తాతయ్య అనలేదు. అమ్మమ్మ అనలేదు. యుద్ధం ముగిశాక రైలు ప్లాట్‌ఫారం మీద ఇద్దరూ కత్తులు మార్చుకుని ఉండవచ్చు. మా తాతయ్య నెంబరున్న కత్తి ఏదో కొండపల్లెలో ఇప్పుడు ఉల్లిపాయలు తరుగుతూ ఉండవచ్చు. ఏమీ తెలియదు. తెలిసే దారి ఒక్కటే ఉండేది, అది ఒక అంగుళం పొడవుండేది.

ఇప్పుడు ఎలా దాస్తున్నానో చెప్పి ముగిస్తాను, ఇద్దరు ముగ్గురు మిత్రులు ఎప్పటినుంచో అడుగుతున్నారు. మాది కొల్లేటికి దగ్గరి ఊరు. జూన్‌నుంచి డిసెంబరుదాకా గాలిలో నీళ్ళు వ్రేలాడుతూ ఉంటాయి. అప్పడాలు సైతం గంటలో మెత్తబడతాయి. గాలిలో తేమ అరవై శాతం దాటితే ఇనుముకు రక్షణ లేదు. చేతి చెమటలో ఉప్పుంటుంది, కనుక అలుగును వట్టివ్రేళ్ళతో ముట్టుకోకూడదు. ముట్టుకుంటే నెలతిరిగేసరికి మీ వ్రేలిముద్ర తుప్పులో అచ్చుపడి ఉంటుంది (నా దగ్గర ఒకటుంది, నాదే). కొబ్బరినూనె, నువ్వులనూనె, ఆముదం వాడకండి. అవి గాలికి ముదిరి బంకగా మారతాయి, పులుస్తాయి. కుట్టుమిషనుకు వేసే నూనె చాలు, పలుచగా. డబ్బున్నవారు బ్రిటిష్ మ్యూజియం ప్రయోగశాలలో 1950లలో రూపొందిన మైనం ఒకటి ఉంది, రినైజాన్స్ వాక్స్ అంటారు, అది వాడతారు; మా మేనల్లుడు ఒక డబ్బీ పంపాడు, పిడి చెక్కలకు బాగా పనిచేసింది. కొమ్ముపిడులున్న కత్తులను పురుగు తింటుంది, కనుక వాటిని వేరుగా ఉంచి నెలకొకసారి దులిపి చూడాలి. పాత నూలు చీరల్లో చుట్టవద్దు; నూలు తడి పీలుస్తుంది. మూతబిగువైన ప్లాస్టిక్ పెట్టెలో, మందుసీసాల్లో వచ్చే సిలికా పొట్లాలు వేసి, వాటిని అప్పుడప్పుడు ఎండబెట్టి మళ్ళీ వేస్తూంటే చాలు. పుల్లల పొయ్యి ఇంకా ఉన్నవారు ఇవేవీ చేయనక్కరలేదు. వాసానికి తగిలించి మరచిపోండి.

మేనల్లుడు కిందటేడు వచ్చినప్పుడు తాతయ్య కత్తిని తనకిచ్చేయమన్నాడు. అక్కడ గాలి పొడి, తేమను కొలిచే యంత్రమున్న గాజు బీరువా కొన్నాడు, నాకన్న బాగా చూసుకుంటాడు. అందులో సందేహం లేదు. 1972 పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్ళు నిండిన వస్తువు దేశం దాటకూడదు. దీనికి 2043కుగాని నూరేళ్ళు నిండవు, ఆలోగా తీసుకుపోతానంటాడు. పెద్దవాడు కదా, లెక్కలన్నీ వేసుకునే వచ్చాడు. నాకు కాదనడానికి కారణం తోచలేదు. "చూద్దాంలేరా" అన్నాను.

మా అమ్మాయి ఇంతకాలం ఈ కత్తులను చూసి ముక్కు విరిచేది. మొన్న సంక్రాంతి సెలవులకు వచ్చి, నేను నూనె పెడుతుంటే పక్కన కూర్చుంది. చేతికి తొడుగులు వేసుకోమంటే వేసుకుంది. సాయంత్రం, పడమటి కిటికీలోంచి వెలుగు ఏటవాలుగా పడుతోంది. కుక్రీని పట్టుకుని అటూ ఇటూ త్రిప్పుతూ, "నాన్నా, ఇక్కడ ఏదో గీత ఉంది" అంది.

ఎన్నో ఏళ్ళు ఆ రేకును నేను దీపం క్రింద, పైనుంచి చూస్తూ వచ్చాను. పక్కనుంచి పడే వెలుగులో ఎన్నడూ చూడలేదు. చూశాను. కుడిచివర, అంచుకు ఆనుకుని, వెంట్రుకవాసి లోతున ఒక నిలువుగీత. దాని తలమీద ఇంకో చిన్న గీత ఉన్నట్టూ ఉంది, లేనట్టూ ఉంది. ఒకటో, ఏడో. తన ఫోనుతో ఐదారు ఫోటోలు తీసింది, వెలుగు పోయేదాకా. ఒకదాంట్లో ఒకటిలా ఉంది, ఒకదాంట్లో ఏడులా ఉంది.

"ఇది ఎవరి నెంబరు?" అంది.

కూర్చోబెట్టి మొదటినుంచీ చెప్పాను. చింతపండు సంగతి కూడా చెప్పాను, ఇంతవరకు ఇంట్లో ఎవరికీ చెప్పనిది. విని, తను ఏమీ అనలేదు. నూనెసీసా అందుకుని ఆ రేకుమీద ఒక్క బొట్టు వేసి, గుడ్డతో రుద్దకుండా, అది దానంతటదే పరుచుకునేదాకా కత్తిని అలాగే పట్టుకుని కూర్చుంది.